బెంచీ మీద రెండో మనిషి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఇంట్లో ఉన్నట్టుండి పడిపోతాను, ఎవరికీ తెలియదు.

శుక్రవారం సాయంత్రం చర్చివాళ్ళ పిల్లల కేంద్రం నుంచి మా పాప జూనీని తెచ్చుకున్నానంటే, సోమవారం పొద్దున దాకా మా తలుపు తట్టేవాళ్ళు లేరు. జూనీకి తొమ్మిది నెలలు. కిందటి చలికాలంలో ఒకసారి వంటింట్లో కళ్ళు తిరిగి పడ్డాను. తెలివి వచ్చేసరికి కుళాయి పారుతోంది. పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ఎంతసేపు అలా పడి ఉన్నానో ఇప్పటికీ తెలియదు. డాక్టరు రక్తం తక్కువన్నాడు. మాత్రలు వేసుకుంటున్నాను. భయం మాత్రం అలాగే ఉంది.

మెంఫిస్ ఊళ్ళో ఒక పాత రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చి, తుడిచి, కాఫీ పెట్టడం నా పని. పదో తరగతిలో బడి మానేసినదానికి అది మంచి పనే. ఆ స్టూడియోకి ఓర్విల్ హాస్కిన్స్ వచ్చాడు. ఎనభై మూడేళ్ళ మనిషి. ఒకప్పుడు ఆయన రాక్ అండ్ రోల్ పియానో వాయిస్తే కుర్రకారు కుర్చీలెక్కి గంతులేసేవారట, మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు షుగరు చూపంతా తినేసింది. పేరున్న గాయకులు పన్నెండుమందితో జంట పాటల ఆల్బమ్ చేస్తున్నారు. బహుశా ఆయనకి ఆఖరిది.

మొదటి రోజే ఆయన ఒక షరతు పెట్టాడు.

“పాడేవాళ్ళు వచ్చి ఈ పియానో బెంచీ మీద నా పక్కన కూర్చోవాలి. పక్కన మనిషి లేకపోతే అది జంట పాటేంటయ్యా? మూత వేసి ఇంటికి పోతా.”

రికార్డింగ్ చూసుకునే బాయ్డ్ ముఖం పాలిపోయింది. ఈ రోజుల్లో ఎవరూ రారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు పాడి కంప్యూటర్‌లో పంపేస్తారు. పన్నెండు గొంతులూ అప్పటికే వచ్చి ఉన్నాయి.

బాయ్డ్ నన్ను పక్కకి లాక్కెళ్ళాడు.

“షెల్బీ, నువ్వెళ్ళి కూర్చో. ఆయనకెలాగూ కనబడదు. పాట నేను హెడ్‌ఫోన్లలో వినిపిస్తా.”

“మాట్లాడిస్తే?”

“పెద్ద గాయకులు రికార్డింగప్పుడు నోరు విప్పరు, గొంతు దాచుకుంటారని చెప్తాలే.”

చెప్పాడు. ఓర్విల్ పకపకా నవ్వాడు.

“మా రోజుల్లో పాటకి ముందు విస్కీ పుక్కిలించేవాళ్ళం. సరే, అవునంటే నా చెయ్యి ఒకసారి నొక్కమను. కాదంటే రెండుసార్లు.”

అలా మొదలైంది. ఆడ గొంతు ఉన్న రోజు సెంటు పూసుకునేదాన్ని. మగ గొంతు ఉన్న రోజు రెండు జతల మేజోళ్ళ మీద బాయ్డ్ బూట్లు వేసుకుని టకటకా నడిచేదాన్ని.

“ఏవయ్యా, టెక్సస్ వీరుడివి, చెయ్యేంటి గిన్నెలు తోమినట్టుంది?” అన్నాడు ఓర్విల్ ఒకరోజు.

“గిటారు సార్, గిటారు!” రికార్డింగ్ గది అద్దం వెనక నుంచి బాయ్డ్ అరిచాడు.

ఓర్విల్ తలూపాడు. పాటకి ముందు అందరితోనూ ముచ్చట్లు పెట్టడం ఆయనకి అలవాటు.

“పిల్లలున్నారా?”

ఒక నొక్కు. ఆ గాయకుడి సంగతులు నాకేం తెలుసు? నా సంగతే చేతికొచ్చేసింది.

“చంటివాళ్ళా?”

ఒక నొక్కు.

“ఇంట్లో తోడెవరైనా ఉన్నారా?”

రెండు.

“శని ఆదివారాలు ఎవరైనా వచ్చి చూస్తారా?”

రెండు.

ఆయన రెండో చేత్తో పియానో మెట్టు ఒకటి నెమ్మదిగా నొక్కాడు.

“మా ఇంటికీ అంతే. నలుగురు పెళ్ళాలు, నలుగురూ పోయారు. ఇద్దరు దేవుడి దగ్గరికి, ఇద్దరు డ్రమ్ములవాళ్ళ దగ్గరికి.”

నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను.

పాట అవగానే బూట్లు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వెళ్ళి, కాఫీ పట్టుకుని నేను నేనుగా వచ్చేదాన్ని.

“ఎవరమ్మా ఇవాళ? ఎలా ఉంటాడు మనిషి?”

“పొడుగు సార్. తెల్ల టోపీ.”

“మర్యాదస్థుడు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు,” అన్నాడు కాఫీ ఊదుకుంటూ.

తర్వాత వచ్చిన ‘వాళ్ళందరినీ’ అవే అడిగాడు. నా చెయ్యి ప్రతిసారీ అవే జవాబులు చెప్పింది. పదకొండో పాట నాడు కొత్తగా ఒకటి అడిగాడు.

“భయమేస్తుందా?”

ఒకసారే నొక్కాను. వదలడానికి చాలాసేపు పట్టింది.

నేను లేచి వెళ్ళాక ఆయన చెయ్యి ఖాళీ బెంచీని తడిమేది. అద్దం ఇవతల నుంచి చూసేదాన్ని. పన్నెండుమందిలో ఒక్కరూ రాలేదని తెలిస్తే ఈ ముసలాయన ఏమైపోతాడు?

పన్నెండోది నెమ్మది పాట. ఆఖరి స్వరం ఇంకా మోగుతుండగానే లేచి కాఫీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన మైకులో ఏదో చెప్తున్నాడు. నా అడుగుల చప్పుడుకి ఆపేశాడు. బాయ్డ్ తలదించుకుని మీటలు సర్దుకుంటున్నాడు.

“ఏంటి సార్?”

“ఏం లేదమ్మా. పాటకి కాస్త తోక మిగిలితేనూ.”

ఏప్రిల్‌లో రికార్డు వచ్చింది. శనివారం. పాపను ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో వింటున్నాను. పన్నెండో పాట అయిపోయింది. రికార్డు ప్లేయరు ముల్లు ఎత్తబోతుంటే ఓర్విల్ గొంతు వినిపించింది.

“బాయ్డూ, ఇది కొయ్యకు, ఈ పన్నెండు పాటలకీ నా పక్కన కూర్చున్నది ఒక్కతే మనిషి, ఇక్కడ కాఫీ పెట్టే షెల్బీ, నాకు కప్పు అందించేదీ అదే చెయ్యి, చంటిపిల్లతో ఒంటరిగా ఉంటుంది, భయమేస్తుందని నాతో చెప్పింది, నాకా వెళ్ళి చూడ్డానికి కళ్ళు లేవు, కాబట్టి వింటున్నవాళ్ళలో మెంఫిస్ వాళ్ళెవరున్నా స్టూడియోలో ఇల్లు కనుక్కుని, శనివారం పూట ఒకసారి వెళ్ళి ఆ పిల్ల తలుపు తట్టండి.”