నీలమ్మ జోలపాటలు

“నా పాట తీసెయ్ బిడ్డా. నవ్వులపాలైంది చాలు” అంది నీలమ్మ.

సాయిచంద్ మౌసు మీద చెయ్యి వేసి కూర్చున్నాడే గానీ, వేలు కదపలేదు. కొత్తగా తెరిచిన హైటెక్ సిటీ భవనానికి కూతవేటు దూరంలో, మాదాపూర్‌లో ఉన్న ఇంటర్నెట్ సెంటర్ అది. కంప్యూటర్ అంటే టీవీకి చెల్లెలు లాంటిదనుకునే నీలమ్మ, బోరబండలో కొడుకుతో పాటు బస్సెక్కి ఇంతదూరం వచ్చింది. తన పాటను కొడుకు తీసేస్తుంటే కళ్లారా చూడాలట.

“ఎవరు నవ్విండ్రే అమ్మా?”

“నువ్వే చెప్తివి గద, నాలుగు వందల మంది వచ్చిండ్రని. గంత మందిల ఒక్కలన్న క్యాసెట్ అడిగిండ్రా? నా గొంతు మంచిగుంటే అడగకపోదురా?”

సాయిచంద్ తెర మీద అమ్మ ఫోటో వైపు చూశాడు. రెండు నెలల కిందట అమ్మ పాడే జోలపాటలు పది తనే రికార్డు చేశాడు. తనే క్యాసెట్లు తయారుచేశాడు. కంపెనీల గడప తొక్కకుండా నేరుగా అమ్ముకుందామని ఇంటర్నెట్‌లో పేజీ పెట్టాడు. పేజీ తెరిస్తే అమ్మ ఫోటో ఉంటుంది, దాని కింద నొక్కితే మచ్చుకు ఒక పాట వినిపిస్తుంది. వచ్చినవాళ్ల సంఖ్య చూపించే అంకె మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. మంచం కింద క్యాసెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అవి అమ్ముడుపోకపోతే పీడాపాయె అనుకునేవాడే. కానీ వారం రోజులుగా నీలమ్మ ఇంట్లో మనవరాలికి కూడా పాడటం మానేసింది. పింకీ ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తుంటే నోరు మెదపకుండా ఊపుతూ కూర్చుంటోంది. ఆ మౌనం చూడలేకపోతున్నాడు సాయిచంద్. బంగారం లాంటి అమ్మ గొంతును తీసుకెళ్లి బజారులో పెట్టి, తనే మూగదాన్ని చేశాననుకుంటున్నాడు.

సెంటర్ నడిపే ఉదయ్ భాస్కర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కాకినాడ నుంచి వచ్చి మూడేళ్లయినా మాటలో ఆ మర్యాద పోలేదు.

“క్యాసెట్ దొరుకుతుందని పేజీలో రాయమన్నానండి. రాశారా?”

“రాసుడెందుకన్నా? చదివే ఓపిక ఎవరికుంటది? పాట ఒడవంగనే నేనే మంచిగ చెప్పిన. క్యాసెట్ అమ్ముతున్నం, జర గీ అడ్రసుకు జాబు రాయుండ్రి అని. రేడియోల గట్లనే చెప్తరు గద.”

బోరబండలో పెళ్లయినా, గణపతి పందిరి అయినా మైకు సాయిచంద్ చేతిలోనే ఉంటుంది. ఆ గొంతు మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది.

“మాటల కాడ తప్పు లేదు. తప్పు నా గొంతుదే” అంది నీలమ్మ. “తీసెయ్ బిడ్డా. చీకటిపడకముందు ఇంటికి పోవాలె.”

ఇంక లాభం లేదని సాయిచంద్ పాట తీసేశాడు. గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. నీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పోదాం పోదాం అన్న మనిషి కుర్చీలోంచి లేవలేకపోయింది. ఉదయ్ భాస్కర్ పక్క కొట్టు నుంచి టీలు తెప్పించాడు.

“పేజీ పోతే పోనీ. పింకీకన్న పాడవానే?” అన్నాడు సాయిచంద్, ఆమె చెయ్యి పట్టుకుని.

“నాలుగు వందల మందికి పనికిరాని గొంతు. పసిదాని చెవుల పోసుడెందుకు?”

అంతలో ఉదయ్ భాస్కర్ తెర వైపు వంగాడు. పేజీ చూసినవాళ్లు ఏదైనా రాయడానికి పెట్టిన చోట, రెండు నెలల్లో మొట్టమొదటిసారి నాలుగు లైన్లు కనిపించాయి.

“ఎవరో రాశారండి, ఇప్పుడే. సింగపూర్ నుంచి. జయలక్ష్మి గారట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు” అంటూ చదివాడు. “‘అయ్యా, మీ పేజీలో జోలపాట ఇవాళ కనిపించడం లేదు. మా బాబు ఏడుపు ఆపడం లేదు. రెండు నెలలుగా వాడు ఆ అమ్మ పాటకే నిద్రపోతున్నాడు. దయచేసి మళ్లీ పెట్టండి.’”

నీలమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

“అయ్యో, ఏడుస్తుండంట. ఏం జూస్తున్నవ్ బిడ్డా? జల్ది పెట్టు.”

సాయిచంద్ పాటను మళ్లీ పేజీలోకి ఎక్కించాడు. నీలమ్మ అప్పుడే సింగపూర్ బాబు ఎదురుగా ఉన్నట్టు, తెర వైపు చూస్తూ సన్నగా రాగం తీస్తోంది. వారం తర్వాత ఆ గొంతు విని సాయిచంద్ కళ్లు నిండిపోయాయి.

“ఇంకా ఉందండి...” అంటూ ఉదయ్ భాస్కర్ అతని వైపు ఓసారి చూసి ఆగాడు.

“చదువన్నా. ఫికర్ లేదు.”

ఉదయ్ భాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

“‘ఒక్క మనవి. పాట అయిపోగానే ఎవరో ఒకాయన గట్టిగా అరుస్తున్నాడు. ఆ గొంతుకి మొదటిరోజు మావాడు ఉలిక్కిపడి లేచి తెల్లవార్లూ ఏడ్చాడు. అప్పట్నుంచీ ఆయన నోరు తెరవకముందే కంప్యూటర్ ఆపేస్తున్నాం. నేను చెప్పగా ఇక్కడ వింటున్న తెలుగువాళ్లందరూ అంతే. ఇంతకీ ఆ అమ్మ పాటల క్యాసెట్ ఎక్కడైనా దొరుకుతుందా?’”