వెనక సీటు బరువు

మెకానిక్ షెడ్డులో బల్ల మీద నూనె కాగితంలో చుట్టిన క్యామ్‌షాఫ్టులు రెండున్నాయి. వాటిలో ఏది మోటార్‌సైకిల్ ఇంజిన్‌లోకి వెళ్తుందన్న దాన్నిబట్టి ఈ రోజు ఆమె బతుకు తేలిపోతుంది.

ఆ సంగతి వాళ్లాయనకు తెలియదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కో షాఫ్టునూ తిప్పి తిప్పి చూస్తున్నాడు. చూడ్డానికి మామూలు ఇనప కడ్డీ, దాని మీద గుడ్డు ఆకారంలో గుబ్బలు. ఆ గుబ్బల ఒంపును బట్టే ఇంజిన్ ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎంత పీల్చాలో తేలుతుందట. పాత షాఫ్టు అరిగిపోయింది. నెల రోజుల కొండ దారుల యాత్రకు ముందు కొత్తది పడాలి.

నెల రోజులు! ఆ మాట విన్నప్పట్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

తప్పు ఆమెదే. పెళ్లయిన కొత్తలో బండి మీద ఊళ్లు తిప్పి తీసుకొచ్చి, “ఎలా ఉంది?” అని అడిగాడు. కొత్త పెళ్లికూతురు ఏం చెబుతుంది? “భలే ఉందండీ” అంది. ఆ ఒక్క మాటకు శిక్ష ఇంకా అనుభవిస్తూనే ఉంది. ఏటా సెలవులు రాగానే వెనక సీటు. జనం కొండలు చూశారు, లోయలు చూశారు. ఆమె మాత్రం ఆయన కోటు వీపు చూసింది. పైగా హెల్మెట్లలో మైకులొకటి! “అదిగో లారీ”, “ఇదిగో మలుపు”, మధ్యమధ్య పాటలు. నడుం పోయింది, చెవులు పోయాయి. ఇంటికొస్తే అక్క ఫోను: “అదృష్టమంటే నీదేనే! మరిది ఎక్కడికెళ్లినా నిన్ను వదలడు. మా ఆయన సందు చివరిదాకా కూడా తీసుకెళ్లడు.”

వదలడు. అదే కదా బాధ.

ఆమెవేం గొంతెమ్మ కోరికలు కావు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఉన్నచోటే ఉండే చెట్టును ఒకదాన్ని తీరిగ్గా చూడాలి. చెవిలో ఎవరూ మాట్లాడకూడదు. అంతే.

“ఇది కింద నుంచే, అంటే నెమ్మదిగా పోతున్నప్పుడే గుంజుతుంది సార్,” అన్నాడు మెకానిక్ మొదటి షాఫ్టు చూపిస్తూ. “బరువు మోస్తుంది గానీ, హుషారుండదు. ఇక ఇది ఉంది చూశారూ, పై స్పీడులో పరిగెడుతుంది. మీ బండి మళ్లీ కుర్రదైపోతుంది. కాకపోతే...”

“కాకపోతే?”

మెకానిక్ గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటూ నేల చూశాడు. “ఒక్కరికే. వెనక సీట్లో మనిషి, ఆపైన సామాను అంటే కొండెక్కలేదు. సగంలో ఆయాసపడి ఆగిపోతుంది.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ నూనె చేతుల్ని పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపించింది.

ఆయన మాత్రం చెయ్యి కాలినట్టు షాఫ్టును వదిలేశాడు. “అయితే నాకొద్దు. మొదటిదే వేసెయ్.”

ఆమె గుండెలో రాయి పడింది.

“అదేంటండీ, బండి కుర్రదైపోతుందంటున్నాడుగా!”

“నిన్నొదిలి వెళ్లనా? నీకేమైనా మతి పోయిందా?”

“ఒక్కసారికేం కాదు లెండి. నేను ఇంట్లో ఉంటాను.”

“నెల రోజులు ఒక్కదానివీ ఏం చేస్తావే?”

ఏం చేస్తుందో ఆమె ఎప్పుడో పూసగుచ్చినట్టు అనుకుని పెట్టుకుంది. పైకి మాత్రం నిట్టూర్చింది. “ఏదో ఒకటి. మీ సంతోషం కంటే నాకేం కావాలి?”

“వెనకాల నువ్వు లేకపోతే నాకసలు బండెక్కబుద్ధేస్తుందా?” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “జంటగా తిరిగిన దారుల్లో ఒంటరిగా ఎలా వెళ్లమంటావ్?”

మెకానిక్‌కు ఉన్నట్టుండి గోడ మీది స్పానర్లు సర్దాల్సిన పని పడింది.

“నా మీద ఒట్టు,” అంది ఆమె.

ఒట్టు పెట్టేశాక ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం! “నీలాంటిది ఎవరికి దొరుకుతుందే,” అని జేబురుమాలుతో కళ్లొత్తుకున్నాడు. రెండో షాఫ్టును మెకానిక్ వైపు జరిపి, వెనక్కి తిరిగి చూడకుండా బయటకు నడిచాడు.

అమ్మయ్య! ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తలుపు అద్దంలోంచి అటు చూసింది.

ఆయన పేవ్‌మెంట్ అంచున కూర్చుని ఉన్నాడు, వీపు ఇటు తిప్పి. ఆ వీపు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. భుజాలు అదురుతున్నాయి. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు, పిచ్చి మహారాజు.

ఛీ, ఏం మనిషిని నేను! కట్టుకున్నవాణ్ని మోసం చేసి, ఆయన కన్నీళ్ల మీద కుర్చీ వేసుకుని కూర్చుంటానా?

గిర్రున వెనక్కి తిరిగింది.

“బాబూ, అది తీసి పక్కన పెట్టు. మొదటిదే వెయ్యి.”

“అదేంటమ్మా? ఇప్పుడేగా...”

“నాకా సీటంటే ఒళ్లుమంట. ఇన్నేళ్లూ మొహమాటానికే ఎక్కాను. కానీ ఏం చెయ్యను? నేను లేకపోతే ఆ మనిషి బతకలేడు. చూడు ఎలా కుళ్లికుళ్లి ఏడుస్తున్నాడో! నా నడుం పోతే పోయింది, నేనూ వెళ్తాను.” చెబుతుంటేనే ఆమె కళ్లు నిండిపోయాయి.

మెకానిక్ స్పానరు బల్ల మీద పెట్టాడు. అద్దంలోంచి ఆయన వీపు చూశాడు. ఆమె మొహం చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

“ఇందులో ఏది వేసినా మీ ఇద్దర్నీ సామానుతో సహా కొండెక్కిస్తుందమ్మా, ఎక్కించదని చెప్పమని నిన్న సారే వచ్చి నా గడ్డం పట్టుకుని బతిమాలారు.”