ఆరుకి ఎనిమిది

“ఆరుకి ఎనిమిది నేను ఒప్పుకోను అంకుల్. ఏడుకి ఏడు కావాలి,” అన్నాడు హేమచంద్ర.

శనివారం మధ్యాహ్నం. ఎడ్మంటన్‌లో అచ్యుత్ గారి ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి అటు హేమచంద్ర, ఇటు సుధామయి కూర్చున్నారు. విడిపోయిన ఆ భార్యాభర్తల మధ్య పదకొండేళ్ల హర్షిణి రెండు వారాల్లో ఆరు రోజులు తండ్రి దగ్గర, ఎనిమిది రోజులు తల్లి దగ్గర ఉంటోంది. లాయర్లు కాగితాలు రాసేలోగా ఆ పంపకమేదో తేల్చమని, యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన అచ్యుత్ గారి దగ్గరికి వచ్చారు.

“ఆరుకి ఎనిమిదంటే మూడుకి నాలుగు. అంటే నేను ముప్పావు తండ్రినా?”

అచ్యుత్ గారు కాగితం మీద రాసి చూపించారు. మూడు బై నాలుగు అన్నది తల్లి రోజులతో పోలిస్తేనే. మొత్తం రోజుల్లో చూస్తే అతని వాటా మూడు బై ఏడు. ఏడుకి ఏడైతే సగం అవుతుంది. మారేది ఒక్క రోజు, దానికింత పట్టుదల ఎందుకన్నారు.

ఆ ఒక్క రోజూ ఇవ్వనంది సుధామయి. పిల్లకి జ్వరమొస్తే పక్కన కూర్చున్నది తనేనంది. మంచులో స్విమ్మింగ్ క్లాసులకి తిప్పిందెవరని హేమచంద్ర అడిగాడు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అచ్యుత్ గారు పెన్ను పక్కన పెట్టేశారు.

పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న హర్షిణి నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. తల్లి వైపూ వెళ్లలేదు, తండ్రి వైపూ వెళ్లలేదు. అచ్యుత్ గారి కుర్చీ పక్కన నిలబడింది.

“తాతగారూ, మీరు నేను ఎక్కడ పడుకున్నానో కౌంట్ చేశారు. నేను డిన్నర్ ఎవరితో తిన్నానో కౌంట్ చేశా. ఫోర్టీన్ డేస్.”

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో 2 : 3 : 9 అని ఉంది. రెండు నాన్నతో, మూడు అమ్మతో అని చెప్పింది. ఇంక సింప్లిఫై అవ్వదని, చెక్ చేశానని కూడా చెప్పింది.

సుధామయి ఆ తొమ్మిది మీద వేలు పెట్టింది. నెమ్మదిగా హేమచంద్ర వైపు తిరిగింది.

“మీ ఇంట్లో ఇంకెవరుంటున్నారు?”

“నా ఇంట్లో ఎవరూ లేరు. నీ సంగతి చెప్పు,” అన్నాడతను.

తొమ్మిది రోజులు. ఇద్దరి రోజులూ కలిపినా అన్ని కాలేదు. తమ పిల్లకి అంత దగ్గరైన ఆ మూడో మనిషి ఎవరో ఇద్దరికీ తెలియదు. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

అచ్యుత్ గారు హర్షిణి చెయ్యి పట్టుకున్నారు.

“భయపడకుండా చెప్పమ్మా. ఈ తొమ్మిది ఎవరు?”

“ఎవరూ కాదు తాతగారూ. మైక్రోవేవ్‌లో పెట్టుకుని నేనొక్కదాన్నే తిన్నా.”