కూత తరువాత టీ

1958లో ఆదాం పర్చూరులోని మా పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేరాడు. అప్పటిదాకా సాయంత్రం కంపెనీ కూత వెయ్యగానే గుమాస్తాలం ముగ్గురం కలిసి బజారు హోటలుకు టీకి వెళ్లేవాళ్లం. ఆ వారం నుంచి ఒకరికి కడుపుమంట, ఒకరికి ఇంట్లో పని, నాకు ఏదో ఒక ఉపవాసం.

నెల తిరిగాక ఒక సాయంత్రం, సైకిలు తీసుకుందామని కంపెనీకి తిరిగొస్తే, గేటు దగ్గర ఆదాం నాకోసం ఆగి ఉన్నాడు.

"పానకాలు గారూ, ఆ హోటల్లో మావాళ్లకి వేరే గ్లాసు పెడతారని మీరంతా టీయే మానేశారు. నాకు తెలుసండి. ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు. ఇక నాకోసం ఆగొద్దు, వెళ్లి తాగండి."

సరేనన్నట్టు తలూపాను. నోరు తెరవలేదు.

తెరిస్తే, వెనకసందు గుండా ఒక్కొక్కరం వెళ్లి తాగొస్తున్న ఆ టీ వాసన అతనికి తగులుతుంది.