మామగారి చేతి మహిమ

“మామయ్యగారూ, రెండో దెబ్బకీ లేవలేదు. పాత సామాన్ల బండికి ఇచ్చేద్దాం,” అన్నాడు అల్లుడు నవ్వుతూ.

“ఉండవయ్యా! పిడుగుపడ్డా చావని కంప్యూటర్ ఇది. ఇన్నేళ్లూ నా ఒక్క చరుపుకే లేచి కూర్చుంది,” అంటూ మామగారు సీపీయూ డబ్బా నెత్తిన మళ్లీ చరిచారు. అది కీచుమని మొత్తుకుందే తప్ప తెర వెలగలేదు. ఆయన రాసుకున్న కోతల కథలన్నీ అందులోనే ఉన్నాయి. ముఖం చిన్నబోయింది.

అల్లుడు బండివాణ్ని పిలవడానికి వీధిలోకి వెళ్లాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, స్విచ్చి ఆపి, డబ్బా మూత తీశారు. లోపలి మెమరీ ముక్కను ఊడదీసి, దాని అంచుకు పట్టిన మురికి పోయేలా పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ నొక్కిపెట్టి, మూత బిగించి స్విచ్చి వేశారు.

“నువ్విలా చేయడం ఎప్పట్నుంచే?” అన్నారు మామగారు.

“మొదట్నుంచీ. మీరు కొట్టేముందు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లేవారుగా, ఆ సందులో. ఇవాళ అల్లుణ్ని చూసిన హుషారులో కడుక్కోలేదు.”

గుమ్మంలో అల్లుడి చెప్పుల చప్పుడైంది.

“ఊఁ, కొట్టండి,” అని ఆవిడ పక్కకు తప్పుకున్నారు.

మామగారు ఎత్తిన చెయ్యి దించేసి, ఆవిడ వేలు పట్టుకుని బటన్ మీద నొక్కించారు. తెర వెలిగింది.

“చూశావా అల్లుడూ! ఈ ఇంట్లో మొరాయించే పాత సరుకంతా మీ అత్తయ్య చలవతోనే నడుస్తోందయ్యా. నాతో సహా!”