బీరమ్మ కోరిన చదువు

“ఫార్సీ వద్దమ్మా. పిల్లను సైన్సుల కూసోబెట్టు.”

బీరమ్మ మొహం ముడుచుకుంది. కోడి కూయకముందే లేచి, కూతురు సోమమ్మను వెంటబెట్టుకుని, రాళ్లగుట్టల నడుమ కాలిబాట పట్టి మక్తల్ హైస్కూలు దాకా వచ్చింది ఈ మాట వినడానికి కాదు.

వరండాలో బల్ల ముందు కూర్చున్న నూరుద్దీన్ సాబ్ మెత్తగా నవ్వాడు. ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరే పిల్లలకు ఏ పాఠం ఎంచుకోవాలో, బడికి ఎట్లా తయారు కావాలో చెప్పే పని ఆయనకు అప్పగించారు. ఫార్సీ, సైన్సు, ఈ రెండింట్లో ఒకటే తీసుకోవాలి. సైన్సు ఆ ఏడే కొత్తగా పెట్టారు.

“మా ఇంటాయన కోరిక సాబ్,” అంది బీరమ్మ. “ఒకపారి సర్కారు కచేరి కాడ పొద్దుగూకేదాంక చేతులు కట్టుకొని నిలబడ్డడు. లోపటోళ్లు ఫార్సీ మాట్లాడుతున్నరు. మా భూమి ముచ్చటే అని తెలుస్తాంది గాని, ఉంచుతరో గుంజుకుంటరో సమజ్ గాలే. ఇంటికొచ్చి, మన బిడ్డ గా భాష నేర్వాలె అన్నడు. గా యేడే జరమొచ్చి పోయిండు.”

నూరుద్దీన్ చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు. మృగశిర గాలికి ఆవరణలో ఎర్రమట్టి పల్చగా లేస్తోంది. దూరాన గుట్టల మీద మబ్బునీడలు మేతకు పోతున్న మందలా మెల్లగా కదులుతున్నాయి. సోమమ్మ అటే చూస్తూ నిలబడింది.

“కచేరిల నడిచింది ఉర్దూ అమ్మా. దాంట్ల ఫార్సీ మాటలు కలుపుతరు, గంతే,” అన్నాడాయన. “ఆంధ్రోళ్లు, మనం ఒక్క రాష్ట్రమైతిమి. ఇగ కచేరిల తెలుగొస్తది. నీ బిడ్డ పెద్దగయ్యేసరికి ఆడ ఫార్సీ మాట వినేటోడు గూడ ఉండడు.”

“ఫార్సీ ఎట్లుంటది సార్?” ఉన్నట్టుండి అడిగింది సోమమ్మ.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. పల్చటి నీళ్లు గులకరాళ్ల మీదుగా జారిపోతున్నట్టు ఏవో నాలుగు మాటలు వినవచ్చాయి. బీరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒళ్లు జల్లుమంది. ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డ భర్త కళ్లముందు మెదిలాడు. ఈసారి ఎవరో ఆయన్ను లోపలికి పిలిచి, నీడపట్టున పీట వేసి కూర్చోబెట్టినట్టనిపించింది.

“మంచిగున్నది సార్,” అంది సోమమ్మ నిద్రలో పలికినట్టు.

“మంచిగనే ఉంటది బిడ్డా. కడుపు నింపదు.”

బీరమ్మ కల చెదిరిపోయింది. అంత తీయగా వినిపించి, అంతలోనే వద్దనడమేమిటి?

“గొర్లు కాసే కురుమోల్ల పిల్లకు ఫార్సీ ఎందుకని గదా సాబ్, మీ మనసుల ఉన్నది?”

“తోబా! గట్లనకు చెల్లె.” ఆయన చెంపలు తట్టుకున్నాడు. “మీ గొర్లకు మొన్న చలికాలం రోగమేమన్న వచ్చెనా?” అని అడిగాడు.

“గాలికుంటు. సగం మంద పోయింది. దేవునికి కోపమొచ్చె.”

“దేవుడు గాదమ్మా,” అంది సోమమ్మ మెల్లగా. “రోగమొచ్చిన గొర్రె తాగిన తొట్లనే మిగిలినయి తాగినయి. వాటిని వేరే కట్టమని నేను చెప్పలే?”

నూరుద్దీన్ మొహం వెలిగింది. “విన్నవా చెల్లె? నీ బిడ్డ సైన్సు ఎప్పుడో మొదలుపెట్టింది. బడి జర తోవ చూపాలె, గంతే. రేపు పశువుల దవాఖానల డాక్టరైతదేమో, ఎవరికెరుక?”

బీరమ్మ కూతురి మొహం చూసింది. సరేనంది. కానీ లోపల ఒక అనుమానం మెదులుతూనే ఉంది. తన కొత్త క్లాసు నింపుకోవాలని ఈ సైన్సు సారు వచ్చినవాళ్లందర్నీ అటే తోలుతున్నాడు. ఆమె కంటే ముందు వచ్చిన ఒక పెద్దమనిషి ఫార్సీయే కావాలని పట్టుబడితే, ఈయన ఆ మనిషిని బతిమాలినంత పని చేశాడు.

నూరుద్దీన్ సోమమ్మ వైపు తిరిగాడు. “ముందటి బెంచీల కూసో. సమజ్ గాకుంటే చెయ్యెత్తి అడుగు. నవ్వెటోళ్లు నవ్వుతరు, నువ్వు ఫికర్ జెయ్యకు. కలం గట్టిగ ఒత్తకు, సిరా మరకలైతయి. దినాం ఊరి నుంచి నడవలేవు. ఈడ ఉండనీకె జాగా ఉన్నదా?”

“మా చిన్నమ్మ జానమ్మ ఈన్నే ఉంటది సార్.”

“అచ్ఛా. పో బిడ్డా. మంచిగ చదువుకో.”

గేటు దగ్గర బడి జవాను సాయిలు తల్లీకూతుళ్లకు కుండలోని నీళ్లు వంచాడు.

“సైన్సు గది నిండింది. ఇంక బెంచీలు కావాలె,” అన్నాడు గొప్పగా.

“మరి ఫార్సీల?” అడిగింది బీరమ్మ.

“ఒక్క పోరడు గూడ చేరలే. ఇగ క్లాసు ఎత్తేస్తరు. పాపం, గా సారుకు నౌకరి ఉండదు.”

బీరమ్మకు దోసిట్లో నీళ్లు తాగబుద్ధి కాలేదు. పెనిమిటి కలగన్న చదువు అది. దాన్ని చెప్పే మనిషి గది వాకిట్లో ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఆయన నోటికాడి ముద్దను తనూ ఒక చెయ్యేసి లాగేసినట్టయింది.

“గా ఫార్సీ సారు ఏడుంటడన్నా? ఒకపారి దండం పెట్టి పోత. మీ సైన్సు సారు పిల్లలందర్ని గుంజుకోకుంటే నా బిడ్డ ఆయన కాడనే కూసునేదని చెప్త.”

సాయిలు వింతగా చూశాడు. “సైన్సు సారా? ఆయన ఇంక రానే లేదమ్మా. వచ్చే వారం హైదరాబాదు నుంచి వస్తడు.”

“మరి వరండాల కూసున్న సాబ్?”

సాయిలు అటు చూసి, గొంతు తగ్గించాడు.

“ఫార్సీ సారు ఆయనే.”