చివరి పోగు

పేరు లడ్డు. ఒళ్ళు మాత్రం అగ్గిపుల్ల.

తాండూరులో జ్యోతిరాణి ఇంటికి ఆ కుక్కపిల్ల వచ్చి నెల కాలేదు. పాలు పోస్తే వాసన చూసి వదిలేసేది. పెరుగన్నం పెడితే మూతి తిప్పుకునేది.

"గిది బతుకుతదా?" అన్నాడు భర్త పరమేశ్.

ఆ మాటకు జ్యోతిరాణికి ఏడుపొచ్చింది. పక్కలో పడుకోబెట్టుకుని పెంచుతున్న ప్రాణం మరి.

ఫోన్‌లో వీడియోలన్నీ చూసింది. తిండి తినని కుక్కపిల్లకు పచ్చిమాంసం పెట్టాల్సిందేనని ఒకాయన గట్టిగా చెప్పాడు. చెప్పేవాడికేం పోయింది?

ఆదివారం పొద్దున పల్లె నుంచి వచ్చే బాలప్ప గల్లీ చివర గొర్రెకూర పోగులు పెట్టాడు. గొర్రెను కోసి, సమానంగా కుప్పలు వేసి అమ్మడం అక్కడి అలవాటే. ఆ రోజెందుకో చవగ్గా ఇచ్చాడు. జ్యోతిరాణి ఒక పోగు తెచ్చింది.

"మనకేమన్న మిగులుతదా?" పరమేశ్ అడిగాడు.

"ఒక్క ముక్క గూడ లేదు. అంత లడ్డుకే."

వరండాలో కూర్చుని చిన్న చిన్న ముక్కలు కోసి పెట్టింది. లడ్డు ఎగబడి తిన్నది. జ్యోతిరాణి మురిసిపోయింది.

తల ఎత్తేసరికి గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

గొంగడి కప్పుకున్న ముసలాయన. చూపంతా గిన్నె మీదే.

"గా కూర నాకియ్యి బిడ్డా."

"ఆకలైతే అన్నం పెడ్త, కూసో."

"అన్నం వద్దు. గా పచ్చికూరనే గావాలె."

జ్యోతిరాణి గిన్నె వెనక్కి జరుపుకుంది.

"గది తినే కూర గాదు బిడ్డా. కుక్కక్కూడ వెయ్యకు."

"ఎందుకు గాదు? బాలప్ప దగ్గర తెచ్చిన. పొద్దుగాలనే కోసిండంట."

బాలప్ప పేరు వినగానే ముసలాయన నోరు మూతపడింది.

పక్కింటి నాగరాణి గోడ మీంచి తొంగి చూసింది. "పచ్చికూర అడిగెటోడు మంచోడు గాదక్కా. బాణామతి చేసెటోడేమో. గేటెయ్యి!"

జ్యోతిరాణి గేటు వేసింది. ముసలాయన కదల్లేదు.

సాయంత్రం ఆమె మిగిలిన కూర వరండాలోకి తెచ్చిందో లేదో, ముసలాయన గోడ దూకి గిన్నె లాక్కున్నాడు. పరమేశ్ ఒక్క ఉరుకున పట్టుకుని చెంప పగలగొట్టాడు.

"ఎవడు పంపిండు నిన్ను?"

ముసలాయన గిన్నెను రొమ్ముకు అదుముకున్నాడు.

"కొట్టుండ్రి. కూర మాత్రం ఇయ్య."

గల్లీ అంతా పోగైంది. తలా ఒక చెయ్యి వేశారు. పరమేశ్ గిన్నె గుంజుకున్నాడు.

మెడబట్టి గెంటుతుంటే కూడా ముసలాయన వెనక్కే చూశాడు. "ముట్టకు బిడ్డా, నీకు దండం పెడ్త..."

తెల్లారేసరికి లడ్డు గిన్నె పక్కనే బిగుసుకుపోయి ఉంది.

"ముసలోడే ఏదో చేసిండు. వాని చేతులు ఇరిగిపోను!" అని జ్యోతిరాణి గుండెలు బాదుకుంది.

ఆ తర్వాత ఆమె వేలి మీద పొక్కు లేచింది. నల్లబడింది. చెయ్యి వాచింది, జ్వరం ముంచుకొచ్చింది. పరమేశ్ భయపడి వికారాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"పచ్చి మాంసం కోసినవా అమ్మా?" డాక్టర్ ఫర్హత్ అడిగింది.

"కుక్కపిల్లకని..."

"రోగంతో చచ్చిన గొర్రె అది. ఆంథ్రాక్స్, ముట్టినా అంటుకుంటది. నువ్వు టైముకు వచ్చినవ్, ఫికర్ లేదు. నీకంటే ముందొచ్చిన ముసలాయనకే మందు పని చెయ్యలే."

"ఏ ముసలాయన?"

"తన మందల గొర్రె చస్తే లోతుగ పాతిపెట్టిండట. ఎవరో తవ్వి కోసి, పోగులు పెట్టి అమ్మిన్రు. పాపం, ఆయన ఇల్లిల్లూ తిరిగి, అడుక్కొని, గుంజుకొని అన్నీ తెచ్చి కాలబెట్టిండు. ఉత్త చేతుల్తోనే. ఒక్క ఇంట్ల మాత్రం కొట్టి పంపిన్రట."

పరమేశ్ తల వంచుకున్నాడు.

"ఆయన యాడున్నడు మేడం? కాళ్ళు మొక్కుత," అంది జ్యోతిరాణి.

"పొద్దున్నే పోయిండు. అమ్మినోని పేరు ఎంతమంది అడిగినా చెప్పలే."

బయట ఎవరో గొల్లుమన్నారు. జ్యోతిరాణి లేచి కిటికీ పట్టుకుంది.

గొంగడి కప్పిన శవం మీద పడి, "నాయినా" అంటూ బాలప్ప ఏడుస్తున్నాడు.